శాంతవ్వకు బైపాస్ సంగతి చెప్పిన

అన్నకు, తమ్ముడు నర్సింలు కాళ్లు మొక్కి రాస్తున్న ఉత్తరం.

నువ్వు, వదిన మంచిగున్నరా? నీ మోకాలి నొప్పి తగ్గిందా? నేను మంచిగనే ఉన్న, నా గురించి ఫికర్ చెయ్యకు. ఫోన్ల మాట్లాడితె మనిద్దరికి మళ్ల లొల్లైతది, గందుకే కాయితం మీద రాస్తున్న.

ఈడ రోడ్డు పనోళ్ల క్యాంపుల వంట పని. రేకుల షెడ్డు. నలభై మందికి రెండు పూటల వండాలె. ఎండ మస్తున్నది, గాలి లేస్తె కూరల దుమ్ము పడుతది. అందరు బీహార్, ఒడిశా దిక్కోళ్లు, జొన్నరొట్టె తినరు. నా ఒక్కని కోసం పెనం పెట్టబుద్ధి కాదు. దినమంత మందిల ఉంట గని ఒక్కడు నా పేరు వెట్టి పిలవడు, ‘మహరాజ్’ అంటరు. వంటోన్ని గట్లనే అంటరంట.

నీకు చెప్పలే గని, మేం ఈడ వేసేది గూడ బైపాస్ రోడ్డే అన్నా. కర్ణాటకల ఒక చిన్న ఊరును తప్పించి పోతది. గా ఊర్ల పాత రోడ్డు మీద శాంతవ్వ అని ఒక పెద్దామె, పెనిమిటి పోయిన సంది హోటల్ నడుపుతున్నది. కూరగాయలకు పోయినప్పుడల్లా ఆడనే చాయ్ తాగుతుంటి. మన తాండూర్ల చెవిన పడ్డ కన్నడ ఇప్పుడు పనికొచ్చింది. నన్ను ‘తమ్మా’ అంటది. ఈ దేశంల నన్ను వరుస పెట్టి పిలిచేది ఆమె ఒక్కతే.

పోయిన నెల పోతె హోటల్ వెనక ఇటుకలు దించుతున్నరు. ఏందవ్వా అంటె, “డ్రైవర్లు పండుకోనీకె రెండు గదులు కట్టిస్తున్న తమ్మా. మీ పెద్ద రోడ్డైతె లారీలు ఇంకా ఎక్కువొస్తయి గద” అన్నది. మొకం నిండ సంతోషం. నేను చాయ్ సగంల ఇడిచి లేచొచ్చిన.

మనం గూడ గిట్లనే గద అన్నా. సర్వేయోళ్లు మూడు కాళ్ల మిషన్ పట్టుకొనొస్తె నువ్వే మన హోటల్లకు పిలిచి మిర్చీలు వెట్టినవు. “దుమ్ము తగ్గుతది, పిల్లలు రోడ్డు దాటనీకె భయముండది” అన్నవు. బైపాస్ తెరిచిన్నాడు వదిన మధ్యాహ్నం పూట నడుం వాల్చింది. ఎన్నేండ్లకో అని నవ్వుకున్నం. నాలుగోనాటికి రొట్టెల పిండి అట్లనే మిగిలింది. బండల లారీలు, కందుల లారీలు అన్ని బయటికెళ్లే పోయినయి. పంచర్ దుకాణం మొయిన్ భాయి మొదలు ఎల్లిపోయిండు. ఆయన కాడ టైర్ ఇడిచి మన కాడ చాయ్ తాగేటోళ్లు గూడ బందైన్రు. ఒక్క హోటల్ రెండు సంసారాలకు ఆనలే.

నేను ఎల్లేనాడు నీ మొకం మీదనే అన్న, “శవాన్ని కూసోబెట్టుకొని ఏం కావలి కాస్తున్నవ్, తాళమెయ్యి” అని. నాయిన పెట్టిన పొయ్యి ముందట నిలబడి అన్న. తప్పైంది అన్నా.

వారం దినాలు శాంతవ్వ దిక్కు పోలే. గోడలు నడుమెత్తు లేసినయని మా ట్రాక్టర్ డ్రైవర్ చెప్పినంక ఆగలేక పోయిన. “అవ్వా, ఇగ లారీ ఈ దిక్కు రాదు. మా ఊర్ల రాలే. గదులు ఆపు” అని చెప్పిన.

“ఇన్నేండ్లు నా చేతి అన్నం తిన్నోళ్లు నన్నిడిచి పోతరా?”

“వాళ్లు ఇడువరవ్వా. రోడ్డే తీస్కపోతది.”

“ఆ రోడ్డేసేటోళ్లకు వండిపెట్టేది నువ్వే గద!” అని నా ముందటి చాయ్ గిలాస తీసుకొని పారవోసింది.

పది దినాలకు ఆమెనే క్యాంపుకు నడిచొచ్చింది, ఎండల. నీడకు కూసోబెట్టి నీళ్లిచ్చిన. కట్టుడు ఆపిచ్చిందంట. కొత్త రోడ్డు పక్కన చాయ్ డబ్బా పెట్టుకుందామని పోయి చూస్తె పొడుగూత కంచె ఉన్నదంట. ఊర్లకెళ్లి ఎక్కే జాగ ఒక్కటే, ఆడి భూమి అప్పుడే పెద్దోళ్లు కొనుక్కున్నరంట. “మీ ఊర్ల మీరేం చేసిన్రు తమ్మా? నేను గూడ అదే చేస్త, చెప్పు” అన్నది.

నేనేం చెప్పాలె అన్నా? మా అన్న ఇంకా హోటల్ తెరుచుకొని కూసుంటున్నడు, నేను గిట్ల వచ్చిన అని చెప్పిన. “నువ్వంటె మొగోడివి, ఎల్లొచ్చినవు” అని లేచిపోయింది.

గందుకే తాళమెయ్యమని నీకు ఇగ చెప్ప. తెరువుమని గూడ చెప్ప. నాకు తెల్వదు. వికారాబాద్ల మా ఇంటామె కుట్టు పనికి పోతున్నదంట, బిడ్డ బడికి పోతున్నది. వీలైతె ఒకపారి పోయి చూసిరా. ఎవరన్న ఇటొస్తె రెండు కిలోల కందిపప్పు పంపు, ఈడిది ఉడకనే ఉడకదు. యాలాల ఊర్ల పెద్దమ్మకు నా దండాలు చెప్పు.

ఈడ పని అయిపోవస్తున్నది. క్యాంపు ఎత్తి ఇంకో తాలూకకు పోతరు. ఆడ గూడ ఊరిని తప్పించే రోడ్డేనంట. వేరే పని దొరకలే, నేను గూడ పోత. గా ఊర్ల ఏ హోటల్ల గూడ కూసోను.

నీ దీవెన నా మీదుండాలె.

నీ తమ్ముడు,
నర్సింలు