దారంతో కొలిచిన దూరం

ఏమండీ,

అన్నం, కూర ఫ్రిజ్‌లో ఉన్నాయి. వేడి చేసుకోండి, గిన్నె మాడ్చకండి. పడుకునే ముందు గ్యాస్ కట్టేశారో లేదో చూసుకోండి.

నేను అక్క దగ్గరికి బయల్దేరాను. ఆపరేషన్ ఎల్లుండి కదా, ఇవాళే ఎందుకు అంటారేమో. మొన్న మీరు మళ్ళీ గోడ మీది మ్యాపులో మన ఊరి నుంచి అక్కావాళ్ళ ఊరికి దారం పట్టి కొలిచారు. "ఏడొందల కిలోమీటర్లు, విమానంలో గంటన్నర. ముందురోజు సాయంత్రం బయల్దేరినా చాలు" అని తేల్చి, అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పేశారు. సర్వేయరు గారి కొలతకి వంక పెట్టేదాన్నా నేను. కాకపోతే ఆ దారం వెంట విమానాలు తిరగవట. టికెట్లమ్మే అమ్మాయి నవ్వాపుకుంటూ చెప్పింది. రెండూ చిన్న విమానాశ్రయాలే, నేరుగా ఏదీ లేదు. ముందు అక్కావాళ్ళ ఊరికి పూర్తిగా ఎదురు దిక్కున ఉన్న రాజధానికి పోవాలి. అక్కడ పొద్దుపోయేదాకా కూర్చుని ఇంకో విమానం ఎక్కాలి. ఇవాళ తప్పితే మళ్ళీ మూడు రోజులకి గానీ లేదట.

"గంటన్నర దూరమేగా, ఎప్పుడైనా వెళ్ళొచ్చు" అని మీరు అంటూ వచ్చారు, నేను వింటూ వచ్చాను. అలా నాలుగేళ్ళుగా అక్క మొహం చూడలేదు. చాలా దూరమని చెప్పి ఉంటే ఎప్పుడో వెళ్ళొచ్చేదాన్ని.

మొక్కలకి నీళ్ళు పోయండి.

అన్నట్టు, మ్యాపు దగ్గర దారం కోసం వెతక్కండి. దాంతో మీ నీలం చొక్కాకి ఊడిన గుండీ కుట్టేశాను. గుండీకీ చొక్కాకీ మధ్య దూరానికైతే సరిగ్గా సరిపోయింది.