పెద్దక్షరాల ప్రోగ్రాం

లీలకు,

వరప్రసాద్ రాసేది. ఇక్కడ నాకు తిండీ నిద్రా వేళకే సాగుతున్నాయి. కాకినాడలో మీరందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అత్తయ్యగారు కర్ర పట్టుకుని వసారా దాకా నడిచారని నీ ఉత్తరంలో చదివి సంతోషించాను.

ఫోన్లో అడిగితే మాట దాటేస్తున్నానని ఉత్తరం రాయమన్నావు కనుక వరసగా చెబుతాను. వంటింటి కుళాయి బాగుచేయించాను. ఇక కంప్యూటరు సంగతి. "ఆ పాతదాన్ని వదిలించుకోరేం?" అని అడిగావు. ఇన్నేళ్లుగా సినిమాలకు రాసిన డైలాగులన్నీ అందులోని తెలుగు ఎడిటర్‌లోనే ఉన్నాయి. కొత్త కంప్యూటర్లో ఆ ఫైళ్లు తెరిస్తే అక్షరాలకు బదులు పిచ్చిగీతలు వస్తాయి.

అయితే పోయిన వారం అదీ మొరాయించింది. దాన్ని పెట్టుకున్న ఫిల్మ్ నగర్ ఆఫీసులో క్లైమాక్స్ రాస్తుండగా, మెమరీ చాలదని తెర మీద ఒక ముక్క వచ్చి బిగుసుకుపోయింది. మూడు పేజీలు పోయాయి. మర్నాడూ అంతే. మా డైరెక్టరు క్రాంతికుమార్ బోరబండ నుంచి శామ్సన్ అనే మెకానిక్‌ను పిలిపించాడు. ఆన్ చేయగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాములను అతను ఒక్కొక్కటే ఆపుతూ, ప్రతిసారీ ఎడిటర్ తెరిచి చూశాడు. ప్రింటరుది ఆపాడు, బిగుసుకుంది. మౌసుది ఆపాడు, అంతే. నాలుగోది ఆపగానే చక్కగా పనిచేసింది.

"దొరికింది సార్. గిదీ, తెలుగు కీబోర్డుదీ మెమరీల ఒక్క జాగల్నే కూసుంటున్నయి. అక్షరాలు పెద్దగ చూపించే ప్రోగ్రాం గిది. ఎవరు పెట్టిండ్రు?"

క్రాంతికుమార్ గదిలోనే ఉన్నాడు. తెలియదందామని నోటిదాకా వచ్చింది.

"నేనే, మొన్నీమధ్యే పెట్టాను" అన్నాను.

"తీసెయ్యాల్నా?"

"తీసేస్తే నాకు కనబడదయ్యా."

లీలా, నీ దగ్గర దాచింది ఇదే. నా ఎడమకన్ను దాదాపు పోయింది. గ్లకోమా అన్నారు. పోయిన చూపు రాదట. కుడికంట్లో మిగిలినదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలట. తెలిసి ఆరు నెలలైంది. బయటపడితే సినిమా చేజారుతుందని ఇక్కడెవరికీ చెప్పలేదు.

శామ్సన్ వెళ్లాక క్రాంతికుమార్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "ముందే చెప్పి ఉండాల్సింది గురువుగారూ. మీరు చెబుతుంటే మనోజ్ఞ టైపు చేస్తుంది" అన్నాడు. మనోజ్ఞ అతని అసిస్టెంటు. మొదటిరోజు పరాయిపిల్ల ముందు డైలాగు పలకడానికి మొహమాటపడ్డాను. పూటంతా కూర్చుని నాలుగు లైన్లు చెప్పాను. రెండోరోజు, "కోపంలో ఉన్న తల్లి ఇంత మెత్తగా అంటుందా సార్?" అని అడిగింది. అనదు. మార్చాం. పోయిన మూడు పేజీలు రెండయ్యాయి, ముందుకన్నా బాగా కుదిరాయి.

వచ్చే నెల మొదటి బుధవారం మళ్లీ కంటి పరీక్ష. ఇంట్లోవాళ్లను వెంట తీసుకురమ్మని డాక్టరు ఇప్పటికి మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ "మా ఆవిడ ఊళ్లో లేదండీ" అన్నాను. మొదటి రెండుసార్లు నువ్వు యూసుఫ్‌గూడలో మనింట్లోనే ఉన్నావు.

ఈసారి ఆ మాట చెప్పలేను. అత్తయ్యగారి దగ్గర మీ తమ్ముణ్ణి నాలుగు రోజులు ఉండమని చెప్పి, నువ్వు రా.

ఇట్లు,
నీ భర్త
వరప్రసాద్