ఎర్ర గుజ్జు నారింజలు

తమ్ముడూ,

నీ తోట తొలికాపు ఎలా ఉందో రాయమన్నావు. రాయడానికి ముఖం చెల్లడం లేదురా.

నువ్వు పంపిన పళ్ళబుట్టను ఆఫీసుకు తీసుకెళ్ళి, అందరి ముందూ ఒక నారింజ కోశాను. లోపల గుజ్జంతా నెత్తురు రంగు. "ఇదేంటండీ, కుళ్ళిపోయిందా? ఎవరు అంటగట్టారు మీకు?" అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వేసి, "ఎవరో తెలిసినవాళ్ళు లెండి" అన్నాను.

నా పక్క సీటావిడ మాత్రం ఒక తొన నోట్లో వేసుకుంది. "అబ్బ, తిని చూడండి! దీని ముందు మామూలు నారింజ ఉత్త చప్పన. తీపి వెనకాలే నేరేడుపండు వగరు తగులుతోంది" అంది. నీ గులాబీరంగు నిమ్మకాయలూ పిండుకు తాగారు. పులుపు తక్కువ, వాసన ఎక్కువ అన్నారు. చూస్తుండగానే బుట్ట ఖాళీ అయింది.

"ఎవరి తోటండీ? మాకూ కావాలి" అని మేనేజరే అడిగాడు. అప్పుడు కూడా "కనుక్కుని చెబుతాను లెండి" అని తప్పించుకున్నాను. నువ్వింకా బ్యాంకు ఉద్యోగంలోనే ఉన్నావని వాళ్ళతో చెప్పుకుంటున్నాను మరి.

సోమవారం నువ్వే ఆఫీసుకు రా. చేతులకు మట్టి ఉన్నా సరే. ఎవరూ అడగకముందే నేనే ఎదురొచ్చి, "వీడు మా తమ్ముడు, తోట వీడిదే" అని చెబుతాను.

రావూ?

మీ అక్క