వంతుల కాగితం

నవంబర్ 2

మా బిల్డింగ్‌లో ఎవరింట చావు జరిగినా మూడు రోజులు ఆ ఇంట పొయ్యి వెలగదు. మిగతా ఇళ్లు తిండి పంపుతాయి. ఏ పూట ఎవరు పంపాలో వంతుల కాగితం రాసి మెట్ల దగ్గర అంటించేది నేను. వంతుల్లో పేరున్న ఇంటికే తిండి వెళ్తుంది. పదకొండేళ్లుగా ఇదే పని. అలెగ్జాండ్రియాలో ఇలాంటి బిల్డింగ్ ఇంకోటి లేదని ఇవాళ కూడా మా ఆయన షౌకీ దగ్గర గొప్పలు పోయాను. బిల్డింగ్ గొప్పేం కాదు, ఇన్సాఫ్! నువ్వెళ్లి తలుపులు కొడుతున్నావు గనక నడుస్తోంది అన్నాడు. ఒళ్లు మండింది.

నవంబర్ 9

కింది వాటాలో సూడాన్ నుంచి వచ్చిన విసాల్ ఉంటోంది, ఇద్దరు ఆడపిల్లలతో. ఇవాళ పైకొచ్చి, వంతుల్లో మా పేరు కూడా రాస్తారా టీచరమ్మా, ఇవాళే రాస్తారా అని అడిగింది. కళ్లు వాచి ఉన్నాయి. జలుబట. మూడో అంతస్తు నజాత్ అక్కడే ఉంది. ఆమె వెళ్లగానే, ఇవాళుండి రేపు పోయేవాళ్లు, వాళ్ల బరువు కూడా మనమే మొయ్యాలా అంది. గొడవెందుకని దిగి వెళ్లి విసాల్‌తో చూద్దాంలే అన్నాను. చూద్దాం అంటే లేదని ఆమెకు తెలుసు. సరేనమ్మా అంది.

నవంబర్ 24

షౌకీ పోయాడు.

నవంబర్ 25, మధ్యాహ్నం 3

పొద్దున ఖననం అయింది. ఇంటినిండా జనం. అందరూ ఏడ్చారు, ఏం కావాలన్నా అడుగమ్మా అన్నారు, వెళ్లిపోయారు. తిండి రాలేదు. కైరో నుంచి వచ్చిన షౌకీ అక్క హిక్మత్‌కి డెబ్బై ఎనిమిదేళ్లు. పొద్దుట్నుంచి మంచినీళ్లతో ఉంది.

సాయంత్రం 6

నజాత్ ఫోన్. వెక్కుతూనే అడిగింది, టీచరమ్మా, ఇవాళ వంతెవరిదో చెప్పనే లేదు, కాగితం కోసం అందరం చూస్తున్నాం అని. నాకు నవ్వొచ్చింది. మొగుణ్ణి మట్టిలో పెట్టిన రోజు పగలబడి నవ్వాను. చూద్దాంలే అని పెట్టేశాను.

నవంబర్ 26

విసాల్ వచ్చింది. వేడి సంకటి, బెండకాయ పులుసు. కాగితంలో మా పేరు లేదుగా, ఎవర్నీ అడిగే పని లేకపోయింది, తినండమ్మా, చల్లారితే గట్టిపడుద్ది అంది. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడిచినా బాగుండేది.

హిక్మత్ పళ్లెం ఊడ్చి తింది. మీ కాగితంలో మొదటి పేరు ఈ పిల్లదేనా అంది. అవునన్నాను.

నవంబర్ 27

ఏడిళ్ల నుంచి ఏడు ట్రేల మకరోనా పాస్తా, ఒక్కసారే. విసాల్ తెచ్చిందని తెలిసి పౌరుషం వచ్చినట్టుంది. తినడానికి నేనూ హిక్మత్. వీళ్లనా నేను పదకొండేళ్లు మెచ్చుకున్నది!

నవంబర్ 28

పళ్లెం ఖాళీగా ఇవ్వకూడదు కదా, నారింజలు పెట్టుకుని కిందికి వెళ్లాను. గోడ మీద ఒక ముసలామె ఫోటో. ఎవరని అడిగాను. పెద్దపిల్ల చెప్పింది, మా అమ్మమ్మ, అక్కడ మా ఊళ్లో, ఉమ్‌దుర్మాన్‌లో పోయింది, తొమ్మిదో తారీఖున కబురొచ్చింది అని. మూడు రోజులూ అమ్మే వండింది అని కూడా చెప్పింది. విసాల్ దాన్ని కసిరి, నాకు టీ పోసింది.

తాగాను. నాకు సిగ్గేసింది.

నవంబర్ 29

పొయ్యి వెలిగించాను. కొత్త కాగితం మెట్ల దగ్గర అంటించాను.

చావు ఇల్లు: విసాల్. తేదీ: నవంబర్ 9.
మూడు రోజులూ వంతు: ఇన్సాఫ్.