తెర వెనక మనిషి

ఏమోయ్,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, బాలింత అమ్మాయీ, పసిగుడ్డూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

నువ్వడిగినవాటికి జవాబులు. మాత్రలు మింగుతున్నాను. గ్యాసు కట్టేసే పడుకుంటున్నాను. కూరలో ఉప్పు ఒకరోజు రెండుసార్లు పడింది, అయినా పారబోయలేదు, తినేశాను. గోళ్లు గిల్లుకుంటూ కూర్చోకుండా ఏదైనా వ్యాపకం పెట్టుకోమన్నావు. పెట్టుకున్నాను.

వీధి చివరి బడిలో పంతులమ్మగారు, పిల్లలకు నలుగురిలో మాట్లాడటం రావాలని, ఒక్కొక్కరినీ ఒక్కో ముసలివారికి జతచేశారు. పిల్లలు మా కబుర్లు విని నాటిక రాసుకోవాలి, మాతో కలిసి ఆడాలి. నాకు తగిలిన తొమ్మిదో తరగతి అమ్మాయికి నోట్లో మాటే ఉండదు. నేను మౌనవ్రతం అని పేరు పెట్టాను. ఒకసారి ప్రార్థనప్పుడు మాట పెగలక ఏడ్చి, వారంపాటు బడికే రాలేదట. మళ్లీ అలా జరిగితే చదువే మానేస్తానందట.

రాయడం మాత్రం చక్కగా రాసింది. నాటక సమాజంలో తెర వెనక నిలబడి డైలాగులు అందించిన నా బతుకే కథ. రిహార్సల్లో ఆ పిల్ల నోరు తెరిస్తే చాలు, నేను పక్కనుంచి అందించేస్తున్నాను. అలవాటు ఊరుకోదు కదా. చివరికి పంతులమ్మగారు నన్ను వరండాలోకి పిలిచి, "తాతగారూ, ప్రతి మాటకీ అమ్మాయి మీ మొహమే చూస్తోంది. మీరు కాస్త ఊరుకోండి" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచి బుగ్గన లవంగం పెట్టుకుని కూర్చున్నాను. పిల్ల తడబడుతూనే మాట్లాడటం మొదలుపెట్టింది.

నిన్న ప్రదర్శన అయింది. ఇంతసేపూ నాన్చిన సంగతి ఇక చెప్పక తప్పదు. పక్కింటి వదినగారు ఫోన్లో వీడియో తీశారు. ఆవిడకి పంపడం రాదు, వాళ్లబ్బాయి ఊరినుంచి రాగానే పంపిస్తారట. ఆలోపు ఈ ఉత్తరం చేరాలి. వీడియో అల్లుడి కంట పడనివ్వకు.

అవకాశం ఇచ్చి ఉంటే హీరోనయ్యేవాణ్ణని పెళ్లయిన దగ్గర్నుంచీ నిన్ను ఊదరగొడుతున్నాను కదా. ఆ అవకాశం వచ్చింది. మౌనవ్రతం తన మాటలు గడగడా చెప్పేసి నావైపు తిరిగింది. హాలు నిండా జనం. నాకు తెలియకుండానే తెరవైపు రెండడుగులు వెనక్కి వేశాను. బతుకు నాదే, ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

ఆ పిల్ల నా పక్కకి జరిగి మెల్లగా అందించడం మొదలుపెట్టింది. నేను చిలకలా అప్పజెప్పాను.

"నేనెప్పుడూ తెర వెనకే ఉన్నాను" అంది. అన్నాను.

"అవకాశం రాక కాదు" అంది. అన్నాను.

"జనాన్ని చూస్తే నాకు భయం" అంది. అదీ అనేశాను, మైకులో.

హాలంతా గొల్లున నవ్వి, ఆపైన చప్పట్లు కొట్టింది. ఆ మాటలు నాటికలో లేవోయ్. నేను ఎవరితోనూ అనలేదు, నీతో కూడా. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

స్టేజి దిగాక, "నీకెవరు చెప్పారే?" అని అడిగాను.

"ఎవరూ చెప్పలేదు తాతగారూ. నాకూ అదే కదా, చూడగానే పోల్చుకున్నాను" అంది.

ఇట్లు,
హీరో కాని నీ మొగుడు