లండన్‌లో లేనని మనవి

మన పట్టణ పురపాలక సంఘం కమిషనర్ గారి సముఖమునకు,
షేక్ ముబాషిరా, తండ్రి హజరత్ వలి, వయసు ఇరవై రెండు, కంభం రోడ్డు నివాసి, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: కంభం రోడ్డు సెంటరులో నా ఫొటోతో కట్టియున్న ఫ్లెక్సీని తొలగించుట గురించి.

సదరు ఫ్లెక్సీలో "లండన్ చేరిన మన ఆడబిడ్డకు అభినందనలు" అని ఉన్నది. సదరు ఆడబిడ్డ నేనే. నేను లండన్ చేరలేదు. విమానం ఎక్కలేదు. ఈ అర్జీని మా ఇంటి వంటగదిలో కూర్చొని వ్రాయుచున్నాను. తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా నాన్నగారు సెంటరులో ఆటోలకు సీట్లు కుట్టే దుకాణం నడుపుతారు. నేను డిగ్రీలో భూగర్భశాస్త్రం చదివాను. తర్లుపాడు పోయే దారి పక్కన, పలకల గనుల్లోంచి తీసి పారబోసిన రాతి ముక్కల గుట్టలు తమరు చూసే ఉంటారు. ఆ రాతిని దేనికైనా పనికొచ్చేలా చేయడం నేర్చుకొని రావాలని, అందుకు బ్రిటన్‌లో పైచదువు చదవాలని నా కోరిక. ఆ సంగతే నా మాటల్లో ఉత్తరంగా రాసి, విదేశీ యూనివర్సిటీలకు దరఖాస్తులు పెట్టించే ఒక కన్సల్టెన్సీకి ఇచ్చాను. వారు చదివి, రాళ్ల గురించి రాస్తే సీటు రాదని, ఉత్తరం తామే రాయించి పంపుతామని చెప్పారు. కోర్సు కూడా వారే మార్చారు. చూపించిన చోట సంతకం పెట్టాను.

2. కొన్నాళ్లకు సీటు ఇస్తున్నట్టు మెయిల్ వచ్చింది. కాగితాల పరిశీలన ముగిశాకే అది ఖాయమవుతుందని అందులోనే ఉంది. ఆ మాట నేను మా మేనమామ అస్లాం గారికి వివరించేలోగా ఆయనా, ఆటో యూనియన్ వారూ కలిసి ఫ్లెక్సీ కట్టించారు. నా పాస్‌పోర్టు ఫొటోను తలుపంత చేశారు. పక్కన లండన్ గడియారం. పైన ఒక నాయకుని బొమ్మ, నాకన్నా పెద్దది. అడుగున కన్సల్టెన్సీ పేరు, ఫోన్ నంబరు.

ఆ తరువాత రెండో మెయిల్ వచ్చింది. నా ఉత్తరమూ, మరి నలుగురి ఉత్తరాలూ అక్షరం పొల్లుపోకుండా ఒకటేనని, అందుచేత నా సీటు రద్దు చేశామని.

3. ఫ్లెక్సీ దించేయమంటే మామయ్య ఒప్పుకోలేదు. నలుగురూ నవ్వుతారని, ఇంకో చోట సీటు వచ్చేదాకా ఉండనిమ్మని అన్నారు. పాప క్షేమంగా చేరిందా అని దుకాణంలో ఎవరైనా అడిగితే, నాన్నగారు వినపడనట్టు మిషను జోరుగా తొక్కేవారట. ఆ విధముగా నేను లండన్ వెళ్లితిని. అనగా ఇంట్లో ఉండిపోయాను. బయటికి పోక తప్పనప్పుడు, నాకు అలవాటు లేకపోయినా అమ్మ నఖాబు అడిగి తీసుకొని ముఖం కప్పుకొని వెళ్లేదాన్ని. ఒకరోజు అమ్మ దాన్ని నా చేతిలోంచి మెల్లగా తీసుకొని మడత పెడుతూ, "ఇది మర్యాద కోసం వేసుకుంటాం ముబాషిరా, అబద్ధం కోసం కాదు" అన్నది. అయ్యా, అప్పటి నుంచి మా అమ్మ ముఖంలోకి నేరుగా చూడలేకపోతున్నాను.

4. ఇంతవరకైతే తమరికి శ్రమ ఇచ్చి ఉండేదాన్ని కాదు. మా సిగ్గు మేమే పడేవాళ్లం. కానీ ఇటీవల ఆటో కాటమరాజు గారు కొత్త సీటు కుట్టించుకోవడానికి దుకాణానికి వచ్చారు. మా ఇల్లు దుకాణం వెనకే. మధ్యలో ఒక తెర. తన కూతురు పద్మజను కూడా పంపుతున్నానని, ఫ్లెక్సీ మీది నంబరుకే ఫోన్ చేశానని, కన్సల్టెన్సీ వాళ్లకు కట్టడానికి ఆటో బేరం పెట్టానని ఆయన చెబుతుంటే తెర వెనక నుంచి విన్నాను.

"నీ బిడ్డ పోయింది గదా వలీ అన్నా, నా బిడ్డ ఎందుకు పోదు? సీటు బాగ కుట్టు. బండి తొందరగా పోతాది" అన్నారు.

నాన్నగారు మిషను ఆపారు. జన్మలో ఎవరినీ మోసం చేయని మనిషి నా పరువు కోసం అలా తల వంచుకొని కూర్చుంటే నా వల్ల కాలేదు. తెర తీసుకొని బయటికి వచ్చాను.

కాటమరాజు గారు నన్ను చూసి సంతోషంగా, "ఎప్పుడు వచ్చినావమ్మా?" అన్నారు. నేను పోనే లేదని, జరిగినదంతా చెప్పాను. ఆయన సగం కుట్టిన సీటు మీదే కూలబడ్డారు. "ఎక్కినోళ్లందరికీ నీ బొమ్మ చూపిస్తాండానే తల్లీ. మా ఆటోవాళ్ల బిడ్డని చెప్తాండా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. ఆటో బేరం మానుకున్నారు. సీటు సంగతి మళ్లీ ఎత్తలేదు.

5. మర్నాడు ముఖం కప్పుకోకుండా తమ కార్యాలయానికి వచ్చాను. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడారు. నాయకుని ఫొటో ఉన్నందున ఊరికే దించితే గొడవవుతుందని, ఫొటోలో ఉన్న అమ్మాయే అర్జీ పెట్టుకుంటే మంచిదని చెప్పి, "ఆమె లండన్‌లో ఉంది గదా, మీరేమవుతారు ఆమెకు?" అని అడిగారు. నేనే ఆమెనని చెప్పకుండా, అర్జీ తెస్తానని చెప్పి వచ్చేశాను.

కావున తమరు దయతో సదరు ఫ్లెక్సీని తొలగింపజేయ ప్రార్థన. నాయకుని బొమ్మపై మాకు ఎట్టి అభ్యంతరమూ లేదు. పూర్తిగా తీయుట వీలుపడనిచో నా ముఖమూ, ఫోన్ నంబరూ ఉన్నంత మేర కత్తిరించినా చాలును. రెంటిలో ఒక్కటే వీలైతే ముందు నంబరు తీయించండి. నా ముఖం నెమ్మది మీద తీసినా పరవాలేదు.

ఇందలి సంగతులు యథార్థములని తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
షేక్ ముబాషిరా
(ఊళ్లోనే ఉన్నది)

తా.క.: అర్జీ ముగించాక పద్మజ వచ్చింది. తన దారికి అడ్డం పడ్డానని ఇన్నాళ్లూ నాతో మాట్లాడలేదు. "పోవద్దని కాదు గదా అక్కా నువ్వు చెప్పింది?" అని అడిగింది. కాదన్నాను. "అయితే నా ఉత్తరం నేనే రాసుకుంటా. ఇంగ్లీషు దిద్దిపెట్టు" అని పక్కన కూర్చుంది. మా నాయన ఆటో తోలుతాడు అన్నది మొదటి వాక్యంగా రాసింది. అందులో దిద్దడానికి తప్పేమీ లేదు. అయినా నేను ఆ వాక్యం దాటి ముందుకు పోలేకపోయాను. కన్సల్టెన్సీ వారు నా పేరున పంపిన ఉత్తరంలో మా నాన్న తోలు వస్తువులు ఎగుమతి చేసే వ్యాపారి. అయ్యా, అది చదివే సంతకం పెట్టాను. ఆ సంగతి నాన్నకు ఇంకా తెలియదు.