ఆ నాలుగు నిమిషాల గురించి వంటమనిషి వెర్నా కాడిల్ మనవి

కెంటకీ రాష్ట్రం, టార్ ఫోర్క్ కౌంటీ పాఠశాలల సూపరింటెండెంట్ గార్నెట్ ఫ్యూగేట్ గారి సముఖమునకు,

టార్ ఫోర్క్ ఉన్నత పాఠశాల భోజనశాలలో పందొమ్మిదేళ్ళుగా వంటమనిషిగా పనిచేయుచున్న వెర్నా కాడిల్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నాకు ప్రకటించిన ప్రశంసాపత్రమును రద్దు చేయుట, మత్తుమందు మోతాదు మించి ఊపిరి ఆగిన వారికి ఇచ్చే ముక్కుమందును పాఠశాలలో తాళం లేని చోట ఉంచుట, నిరుడు బోర్డు సమావేశంలో నేను పలికిన మాటలను రికార్డు నుండి కొట్టివేయుట గురించి.

1. గత నెల తొమ్మిదవ తేదీ బుధవారం నాడు పదవ తరగతి విద్యార్థిని డెలానీ ప్రాటర్ ప్రాణం కాపాడినందుకుగాను నాకు వచ్చే సోమవారం సభ జరిపి ప్రశంసాపత్రం ఇవ్వబోవుచున్నట్లు తమ కార్యాలయం నుండి ఉత్తరం అందినది. అందులో "క్షణమైనా ఆలస్యం చేయక" అను మాటలున్నవి. సదరు మాటలు నిజం కావు. ఎందుచేత కావో దిగువ వివరించుచున్నాను. ఇది వ్రాయుటకు మూడు రోజులు పట్టినది. నాలుగు కాగితాలు చింపితిని.

2. నా భర్త డ్వెయిన్ కాడిల్ గనిలో పైకప్పు రాయి పడి నడుము విరిగి పదకొండేళ్ళైంది. డాక్టర్లు నొప్పి మాత్రలిచ్చారు. తర్వాత మాత్రలు ఆపేశారు. నొప్పి ఆగలేదు, అలవాటూ ఆగలేదు. ఆ తర్వాత ఆయన ఏమి వాడుతున్నాడో నాకు తెలుసు గాని ఈ కాగితం మీద వ్రాయడానికి చేయి రావడం లేదు. రెండుసార్లు ఆయన ఊపిరి ఆగిపోతే నేనే ఆ ముక్కుమందు కొట్టి తిరిగి తెచ్చుకున్నాను. ఒకసారి స్నానాలగదిలో, ఒకసారి చర్చి బయట మా ట్రక్కులో, లోపల పాటలు పాడుతుండగా. ఆరోగ్య శాఖ వారు ఆ మందు ఉచితంగా ఇస్తారు, పేరు అడగరు. రెండేళ్ళుగా నా గోధుమరంగు చేతిసంచిలో అవి రెండు ఎప్పుడూ ఉంటున్నవి. ఊళ్ళో ఎవరైనా డ్వెయిన్ సంగతి అడిగితే నడుము నొప్పి, బయటికి రాలేడు అని చెప్పుచున్నాను. అది అబద్ధం కాదు. నిజం కూడా కాదు.

3. నిరుడు మార్చిలో జరిగిన బోర్డు సమావేశంలో మన నర్సు ఐరిస్ కూంబ్స్ గారు సదరు మందును భోజనశాలలోను, ఆటల హాలులోను, గోడమీద నిప్పార్పే డబ్బా పక్కన అందరికీ అందేలా పెట్టాలని అడిగినారు. నన్నెవరూ మాట్లాడమనలేదు. నేనే లేచి నిలబడితిని. నేను అన్న మాటలు తమ రికార్డులో ఉండును. అయినా నా చేత్తో వ్రాయుట న్యాయమని ఇక్కడ వ్రాయుచున్నాను.

"నేను ఈ పిల్లలకి పద్దెనిమిదేళ్ళుగా అన్నం పెడుతున్నా. ఒక్కొక్కళ్ళ మొహం నాకు తెలుసు. ఇలాంటివి పట్నాల్లో గొడవలు. గోడకి ఆ మందు తగిలించామంటే, పిల్లల్లారా కానివ్వండి, మేమున్నాం అని చెప్పినట్టే. మన పిల్లలకి అంత ఖర్మేం పట్టలేదు."

జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొడుతున్నంతసేపూ నా ఒళ్ళో చేతిసంచి ఉంది, సంచిలో ఆ రెండు మందులూ ఉన్నాయి. నేను గట్టిగా మాట్లాడితే మా ఇంటి వైపు ఎవరూ చూడరని మాట్లాడాను. అంతకు మించి కారణం లేదు. ఒక్క పెట్టె చాలు, నర్సు గదిలో తాళం వేసి ఉంచాలి అని తమరు ఆ రాత్రి తీర్మానించినారు. ఐరిస్ గారు కోటు తొడుక్కుని వెళ్ళిపోయారు. ఆమె మన బడికి మంగళ, గురువారాలు మాత్రమే వచ్చునని తమకు విదితమే.

4. తొమ్మిదవ తేదీన రెండో భోజనాల గంటలో చిక్కుడుగింజల పులుసు, మొక్కజొన్న రొట్టె వడ్డించుచుంటిమి. పాల పెట్టె పైనున్న గడియారంలో పదకొండు నలభై రెండు. చివరి బల్ల దగ్గర డెలానీ తల బల్లకు ఆనించి పడుకున్నది. తలనొప్పి అంటే ఎవరో మాత్ర ఇచ్చారట, మామూలు మాత్రే అనుకుని సగం మింగిందట, అందులో మత్తుమందు కలిసి ఉందట. అది తర్వాత తెలిసిన సంగతి. పక్కనున్న పిల్ల భుజం పట్టి కుదిపి కేక వేసింది. వ్యాయామ ఉపాధ్యాయులు హాస్కెల్ గారు పరుగెత్తుకొచ్చారు.

"కళ్ళు తిరిగినట్టున్నాయి! నీళ్ళు, నీళ్ళు తీసుకురండి!"

నేను గరిటె పట్టుకుని అక్కడికి వెళ్ళాను. ఆ పిల్ల గొంతులోంచి గురక లాంటి చప్పుడు వస్తోంది. పెదవులు బూడిదరంగుకు తిరిగాయి. అయ్యా, ఆ చప్పుడు ఆ గదిలో ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. డ్వెయిన్ గొంతులో రెండుసార్లు విన్నాను. ఇది కళ్ళు తిరగడం కాదని నాకు ఆ క్షణమే తెలుసు.

"నర్సు గదిలో మందుంది, తెరవండి," అన్నాను. అంతవరకు అన్నాను.

"ఇవాళ నర్సు లేదు కదా, తాళంచెవి ప్రిన్సిపాల్ దగ్గరుంది, ఆయన మీటింగుకి వెళ్ళాడు," అన్నది నాతో వంటచేసే ఓపల్.

"అయితే తలుపు పగలగొడతా," అని హాస్కెల్ గారు వరండా వెంట పరుగెత్తారు. వెళ్తూ వెళ్తూ అంబులెన్సుకి ఫోన్ చేయమని అరిచారు.

నా సంచి వంటగది వెనక సామాను గదిలో కొక్కేనికి ఉంది. ఆ బల్ల దగ్గర్నుంచి పన్నెండు అంగలు. తర్వాత కొలిచి చూశాను, పన్నెండే. నేను కదలలేదు. అది తీసుకొస్తే, ఇది నీ దగ్గరెందుకుంది వెర్నా అంటారు. ఎవరి కోసం మోస్తున్నావు అంటారు. హాస్కెల్ గారు తలుపు పగలగొడతారులే, ఈలోగా అంబులెన్సు వస్తుందిలే అనుకున్నాను. తలుపు మీద కాలితో తన్నుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. తలుపు రావడం లేదు.

"వెర్నా, నీ మొహం పాలిపోయిందే! కూర్చో, నువ్వు కూడా పడిపోయేలా ఉన్నావు," అని ఓపల్ నాకు కుర్చీ జరిపింది. నేను కూర్చున్నాను. అయ్యా, నేను కూర్చున్నాను.

ఆ గురక ఆగిపోయింది. అప్పుడు లేచాను. గడియారంలో పదకొండు నలభై ఆరు. సంచి తెచ్చి, పిల్లను నేల మీద పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కులో మందు కొట్టి, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాను. కదల్లేదు. ఊదుతూనే ఉన్నాను. ఎంతసేపో తెలియదు. రెండోది కొట్టాను. అప్పుడు దగ్గి, ఊపిరి తీసుకుని, నా ముంజేతి మీద వాంతి చేసుకుంది. పిల్లలందరూ ఏడుస్తున్నారు.

5. హాస్కెల్ గారు తిరిగి వచ్చి, "ఇది నీకెక్కడిది వెర్నా?" అని అడిగితే, "చర్చిలో పంచారు, సంచిలో పడేసి మర్చిపోయాను," అన్నాను. చర్చిలో పంచలేదు. మర్చిపోనూ లేదు. ఆసుపత్రిలో పిల్ల తల్లి రోవీనా ప్రాటర్ నా రెండు చేతులూ పట్టుకుని, "నా బిడ్డ ఊపిరి లేకుండా ఎంతసేపుంది?" అని అడిగితే, "చూసిన వెంటనే ఇచ్చేశాను తల్లీ," అన్నాను. అప్పటినుంచి ఆమె ప్రతి శుక్రవారం ఆపిల్ పళ్ళతో తీపి రొట్టె చేసి పంపుతోంది. డ్వెయిన్ తింటాడు. నేను ముట్టను.

6. తమకు తెలుసో తెలియదో, భోజనం తీసుకునే ప్రతి విద్యార్థి వరుస చివరనున్న యంత్రం మీద తన నాలుగంకెల నంబరు నొక్కవలెను. డెలానీ ఆ నంబరు ఒకటో తరగతి నుంచి నొక్కుతోంది. బడికి తిరిగి వచ్చిన రోజున పళ్ళెం పట్టుకుని ఆ మీటల ముందు ఆగిపోయింది. వెనక వరుస నిలిచిపోయింది.

"మిస్ వెర్నా, నా నంబరేంటో గుర్తు రావట్లేదు," అంటూ నవ్వబోయింది.

నాలుగు నాలుగు ఒకటి ఏడు. నేను నొక్కాను. మరునాడూ నేనే నొక్కాను. నెల గడిచినా నేనే నొక్కుతున్నాను. అది ఆ మాత్ర వల్ల కావచ్చు, ఊపిరి ఆడకపోవడం వల్ల కావచ్చు, కొన్నాళ్ళకి సర్దుకోవచ్చు అని డాక్టర్లన్నారట. కావచ్చు. ఆ నాలుగు నిమిషాలు ఎవరివో మాత్రం వాళ్ళకి తెలియదు. ఇప్పుడు తమకు తెలిసినది.

7. కావున తమరిని కోరునది: (అ) ప్రశంసాపత్రం రద్దు చేయవలెను. బోర్డువారు దండన విధించదలిస్తే సంజాయిషీ అడగనక్కర లేదు, ఇదే నా సంజాయిషీ. (ఆ) నిరుటి నా మాటలు కొట్టివేసి, ఐరిస్ కూంబ్స్ గారు అడిగినది అడిగినట్లు చేయవలెను. భోజనశాలలో, ఆటల హాలులో ఆ మందు గోడకు ఉండవలెను, ప్రతి బస్సులో కూడా ఉండవలెను, తాళం ఉండరాదు. (ఇ) దానిని వాడు విధము టీచర్లకే గాక వంటవాళ్ళకు, ఊడ్చేవాళ్ళకు, డ్రైవర్లకు కూడా నేర్పవలెను. నేర్పుటకు మనిషి కావలెనంటే నేను చేతును, నాకు వచ్చును. గోడ మీద మందు ఉంటే ఎవరు తీసినా ఎవరూ ఏమీ అనుకోరు. తన సంచిలోంచి తీయవలసి వస్తేనే మనిషి లెక్కలు వేసుకుంటుంది.

ఈ అర్జీలో భర్త పేరు వ్రాయుటకు ఆయన అనుమతి తీసుకొంటిని. "రాయవే. ఊరికి తెలియందేముంది, నువ్వొక్కదానివే దాస్తున్నావు," అన్నాడు.

ఇది తమకు ఇచ్చుటకు ముందు నిన్న సాయంత్రం రోవీనా ఇంటికి పోయి ఆమెకు మొత్తం చెప్పితిని. ఆమె బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. విన్నంతసేపూ చెక్కు తీస్తూనే ఉంది. అయిపోయాక నా వైపు తిరగకుండా, "ఇక వెళ్ళు వెర్నా," అంది. వచ్చేశాను.

తమరు పెద్ద మనసుతో ఈ అర్జీని మొదటి నుండి చివర వరకు చదివి, పిల్లల కొరకు చిత్తగించవలెను. నా కొరకు ఏమియు కోరుట లేదు.

తమ విధేయురాలు,
వెర్నా కాడిల్

మరొక మాట: కవరు అంటించబోతుండగా రోవీనా ఫోన్ చేసింది. పలకరింపు లేదు.

"నీతో మాట్లాడాలని లేదు. ఆ మందు ఎక్కడిస్తారో చెప్పు, చాలు. ఇంట్లో ఒకటి, నా సంచిలో ఒకటి పెట్టుకుంటా."

ఆరోగ్య శాఖ ఆఫీసులో, ఎడమ వైపు కిటికీ దగ్గర, పేరు అడగరు అని చెప్పాను. ఫోన్ పెట్టేసిందనుకున్నాను, పెట్టలేదు. "ఆ కిటికీ దగ్గర తెలిసినవాళ్ళెవరైనా చూస్తే?" అంది.

"చూస్తారు," అన్నాను.

"నువ్వూ రావే. ఒక్కదాన్నే వెళ్ళాలంటే సిగ్గుగా ఉంది."

రేపు పొద్దున తొమ్మిదికి వెళ్తున్నాం. నాకు పనికి రావడం ఆలస్యమవుతుంది. దయచేసి సెలవు మంజూరు చేయగలరు.